గ్యాడ్జెట్ గడబిడ: మదర్‌బోర్డు పోయిందన్నారా? ఒక్క అరగంట ఆగండి!

ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఓ మెయిల్ వచ్చింది. రాసింది బీటెక్ ఫైనలియర్ అమ్మాయి.

‘సర్, నిన్నటి నుంచి నా ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తే కనిపించట్లేదు. మా హాస్టల్ దగ్గర షాపులో చూపిస్తే పది నిమిషాలు చూసి, మదర్‌బోర్డు పోయిందమ్మా, 8,500 అవుతుంది, ఫార్మాట్ కూడా కొట్టాలి అన్నారు. నా ప్రాజెక్ట్ మొత్తం అందులోనే ఉంది. గురువారం రివ్యూ. ఈ సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనడానికే నాన్న చీటీ పాడారు. ఆయనకి ఇంకా చెప్పలేదు. ఏం చెయ్యమంటారు?’

ఇలాంటి ఉత్తరాలు మనకి కొత్త కాదు. గుర్తు మారుతుంది అంతే. ఒకరికి సౌండ్ రాదు, ఒకరికి కెమెరా తెరుచుకోదు, ఇంకొకరికి గేమ్ మధ్యలో స్క్రీన్ నీలంగా మారిపోతుంది. అన్నింటికీ షాపులో వినిపించే మాటలు మాత్రం రెండే. ‘మదర్‌బోర్డు’, ‘ఫార్మాట్’. ఒకటి జేబుకి చిల్లు పెడుతుంది. రెండోది మీ డేటాని తుడిచేస్తుంది.

షాపువాళ్లందరూ మోసగాళ్లని నేను అనట్లేదు. రోజుకి పాతిక మెషీన్లు చూసే మనిషికి మీ ఒక్క ల్యాప్‌టాప్ మీద గంటసేపు కూర్చునే తీరిక ఉండదు. కానీ మీకు ఉంటుంది. పోయింది వస్తువా, లేక దాన్ని నడిపే సాఫ్ట్‌వేరా అన్నది ఇంట్లో కూర్చునే చాలావరకు తేల్చుకోవచ్చు. ఆ అమ్మాయికి ఆ రాత్రి రాసిన జవాబునే కాస్త విడమరిచి ఈ వారం మీ అందరికీ చెబుతున్నా.

డ్రైవర్ అంటే ద్విభాషి

ముందు ఈ డ్రైవర్ అనే మాట సంగతి చూద్దాం. విండోస్‌కి మీ వైఫై కార్డు భాష రాదు. వైఫై కార్డుకి విండోస్ భాష రాదు. మధ్యలో కూర్చుని అటుది ఇటు, ఇటుది అటు చెప్పే ద్విభాషే డ్రైవర్. మామూలుగా ఆ కార్డునో, అందులోని చిప్‌నో చేసిన కంపెనీయే దీన్ని రాస్తుంది.

ద్విభాషి సెలవు పెట్టాడనుకోండి. అవతలి మనిషి బాగానే ఉన్నా మనకి మూగవాడిలాగే కనిపిస్తాడు. అందుకే డ్రైవర్ పాడైతే వస్తువే పోయినట్టు అనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే.

ఈ మాటకి మంచి ఉదాహరణ 2014 అక్టోబర్‌లో జరిగింది. ఎలక్ట్రానిక్స్ బోర్డుల్ని కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ చిప్‌లు చేసే ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ ఉంది. ఆ చిప్‌లకి నకిలీలు మార్కెట్లో బోలెడు. ఆ నెల విండోస్ అప్‌డేట్‌తో వచ్చిన ఎఫ్‌టీడీఐ కొత్త డ్రైవర్, నకిలీ చిప్ కనిపిస్తే దాని గుర్తింపు నంబర్‌ని సున్నాగా మార్చేసింది. అంతే, నిన్నటిదాకా పనిచేసిన బోర్డు ఈ రోజు ఏ కంప్యూటర్‌కి పెట్టినా పలకలేదు. తమ బోర్డు కాలిపోయిందనుకున్నవాళ్లు ఎందరో! నిజానికి కాలింది ఏమీ లేదు, పేరు చెరిగిపోయిందంతే. గొడవ పెద్దదయ్యాక ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. ‘వస్తువు చచ్చిపోయింది’ అని తీర్పు చెప్పే ముందు ఈ కథ ఒకసారి గుర్తు చేసుకోండి.

ఒక్క డ్రైవర్ చాలు, మొత్తం కూలడానికి

‘ఒక చిన్న ఫైల్ పాడైతే ఏకంగా ల్యాప్‌టాప్ ఆగిపోతుందా?’ అని అడుగుతుంటారు. ఆగిపోతుంది. చాలా డ్రైవర్లు కెర్నెల్ అనే చోట, అంటే విండోస్ గర్భగుడిలో పనిచేస్తాయి. మీ బ్రౌజర్ క్రాష్ అయితే బ్రౌజర్ ఒక్కటే మూతపడుతుంది. గర్భగుడిలో ఉన్నవాడు తప్పు చేస్తే మాత్రం, డేటా పాడవకూడదని విండోస్ తనంతట తానే మొత్తం ఆపేస్తుంది. ఆ ఆపేసిన స్క్రీనే మనం భయపడే బ్లూ స్క్రీన్. విండోస్ 11 కొత్త వెర్షన్లలో అది నలుపు రంగులోకి మారింది. రంగు మారినా అర్థం మారలేదు.

2024 జులై 19, శుక్రవారం గుర్తుందా? ఆ రోజు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. కారణం ఏంటంటే, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఓ అప్‌డేట్ పంపింది. గర్భగుడిలో నడిచే దాని డ్రైవర్ ఆ ఫైల్‌ని చదవబోయి తప్పటడుగు వేసింది. తప్పు తెలిసి వెనక్కి తీసుకోవడానికి పట్టింది 78 నిమిషాలే. ఈలోపే దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఆ 85 లక్షల్లో ఒక్క మదర్‌బోర్డూ మార్చాల్సిన పని లేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైల్ తీసేస్తే చాలు, మెషీన్ లేచి కూర్చుంది.

సరే, ఇప్పుడు మన పని చూద్దాం. వరస ముఖ్యం, దాటేయొద్దు.

మొదటి పని: రిపేర్ కాదు, బ్యాకప్

మెషీన్ ఆన్ అవుతోందంటే ముందు మీ ఫైల్స్ బయటికి తీయండి. పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్, డ్రైవ్, ఏదైనా సరే. ‘వైఫైనే లేదు కదా, డ్రైవ్‌లోకి ఎలా పంపాలి?’ అంటారా? మీ చేతిలో ఫోన్ ఉందిగా! డేటా కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్న చోటే యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, ఆన్ చేయండి. వైఫై కార్డుతో పనిలేకుండా నెట్ వచ్చేస్తుంది. దీనికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది. టెథరింగ్ ఆప్షన్ మసకగా కనిపిస్తే కేబుల్ మార్చి చూడండి. కొన్ని చౌక కేబుల్స్ ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా వెళ్లదు.

ఇంకో జాగ్రత్త. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. దాని రికవరీ కీ 48 అంకెలు. బయోస్‌లో ఏదైనా మార్చినప్పుడో, బోర్డు మార్చినప్పుడో అది అడుగుతుంది. అప్పుడు చెప్పలేకపోతే మీ ఫైల్స్ మీకే అందవు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ఉందేమో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫొటో తీసి అదే ల్యాప్‌టాప్‌లో దాచుకునేరు!

పాత హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమని శబ్దం చేస్తుంటే మాత్రం ప్రయోగాలు వద్దు. ముఖ్యమైన ఫైల్స్ వరకు తీసుకుని ఆపేయండి. శబ్దం చేసే డిస్క్‌కి డ్రైవర్ మందు లేదు.

రెండో పని: షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్

‘ఆపి మళ్లీ ఆన్ చేశాను సర్, అయినా అంతే’ అని చాలామంది రాస్తారు. ఇక్కడో కిటుకుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ పూర్తిగా నిద్రపోదు. కెర్నెల్‌నీ డ్రైవర్లనీ ఉన్నవి ఉన్నట్టుగా డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే మళ్లీ తెచ్చుకుంటుంది. అంటే తిక్కగా ఉన్న డ్రైవర్ అదే తిక్కతో తిరిగి వస్తుంది. రీస్టార్ట్ కొడితే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగుతుంది.

అయినా మారకపోతే పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని ఓ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. బ్యాటరీ ఊడదీసే రకం అయితే అదీ తీసి ఈ పని చేయండి. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. నమ్మరు కానీ, మాయమైన వైఫై, బ్లూటూత్ ఈ చిన్న పనితో తిరిగొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మూడో పని: ఏం మారిందో కనుక్కోండి

నిన్న పనిచేసింది ఈ రోజు ఆగిందంటే మధ్యలో ఏదో మారింది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేయండి. వ్యూ రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. తెరిస్తే రోజువారీ డైరీలా కనిపిస్తుంది. ఏ రోజు ఏది క్రాష్ అయింది, ఏ రోజు ఏ అప్‌డేట్ ఎక్కింది అన్నీ అందులో ఉంటాయి. ఎర్ర గుర్తులు మొదలైన రోజుకి ఒకటి రెండు రోజుల ముందు డ్రైవర్ అప్‌డేట్ ఉందంటే మొదటి అనుమానం దాని మీదే. ఏ అప్‌డేటూ లేదు, కానీ ఆ రోజు ల్యాప్‌టాప్ కింద పడింది, లేదా బ్యాగులో వాటర్ బాటిల్ కారింది అంటే... మీకే తెలుసు కదా!

నాలుగో పని: కోడ్ చదవండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డివైస్ మేనేజర్ కనిపిస్తుంది. అందులో పసుపు త్రికోణం ఉన్న దాని మీద డబుల్ క్లిక్ చేయండి. డివైస్ స్టేటస్ అనే చోట ఓ కోడ్ నంబర్ ఉంటుంది. మన డాక్టర్లు రాసే బ్లడ్ రిపోర్టు లాంటిదే ఇది. కొన్నింటి అర్థం ఇదీ.

కోడ్ 22: ఎవరో డిసేబుల్ చేశారు. రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ కొడితే అయిపోతుంది. పైసా ఖర్చు లేదు.

కోడ్ 28: డ్రైవర్ అసలు ఇన్‌స్టాలే కాలేదు. ఫార్మాట్ కొట్టించిన మెషీన్లలో ఇది మామూలు.

కోడ్ 39: డ్రైవర్ ఫైల్ పాడైంది లేదా కనిపించట్లేదు.

కోడ్ 10: డివైస్ మొదలవలేకపోతోంది. డ్రైవర్ కావచ్చు, వస్తువూ కావచ్చు. ఇంకా తేలలేదని అర్థం.

కోడ్ 43: డివైస్ తనలోనే ఏదో తేడా ఉందని చెప్పింది, విండోస్ దాన్ని ఆపేసింది. ఇదీ రెండు వైపులా ఉండొచ్చు. కానీ కొత్త డ్రైవర్ వేశాక కూడా అదే వస్తుంటే వస్తువు మీద అనుమానం పెరుగుతుంది.

కోడ్ 45: ఇప్పుడు ఆ డివైస్ కలిసి లేదు. వదులైన కనెక్షన్‌కీ ఇది రావచ్చు.

ఇక ఏ కోడూ లేదు, లిస్టులో ఆ పేరే లేదు అనుకోండి. అంటే విండోస్‌కి ఆ వస్తువు ఉన్నట్టే తెలియట్లేదు. బయోస్‌లో ఆపి ఉండొచ్చు, లోపల వదులై ఉండొచ్చు, లేదా నిజంగానే పోయి ఉండొచ్చు.

డ్రైవర్ ఎక్కడ తెచ్చుకోవాలి?

గూగుల్‌లో కొడితే మొదట కనిపించే ‘ఫ్రీ డ్రైవర్ అప్‌డేటర్’ల జోలికి వెళ్లొద్దు. స్కాన్ చేసి ‘మీ మెషీన్‌లో 37 సమస్యలు’ అని భయపెట్టి, డబ్బులు కడితేనే సరిచేస్తామనే బాపతు చాలా ఉన్నాయి. వాటితో పాటు అక్కర్లేని సాఫ్ట్‌వేర్ కూడా దిగుతుంది. గర్భగుడిలోకి ఎవరిని పంపుతున్నామో చూసుకోవాలి కదా!

సరైన చోట్లు మూడు. మొదటిది మీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ. వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ లేదా సీరియల్ నంబర్ ఇస్తే మీ మెషీన్‌కి సరిపోయేవే చూపిస్తుంది. రెండోది విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఉండే ఆప్షనల్ అప్‌డేట్స్. మూడోది చిప్ చేసిన కంపెనీ సైట్.

చిప్ ఎవరిదో తెలియకపోతే? డివైస్ ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. ‘వెన్’ అనే మూడక్షరాల తర్వాత నాలుగు గుర్తుల కోడ్ ఉంటుంది. 8086 అంటే ఇంటెల్. 10ఈసీ అంటే రియల్‌టెక్. 10డీఈ అంటే ఎన్విడియా. ‘అన్‌నోన్ డివైస్’ అని ముఖం చాటేసేవాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు. ఆర్డ్యూయినోతో ప్రాజెక్టులు చేసేవాళ్లకో మాట. చౌక బోర్డుల్లో చాలావాటికి సీహెచ్340 అనే చిప్ ఉంటుంది. బోర్డు పెడితే పోర్ట్ కనిపించకపోతే, మార్చాలని పరుగెత్తకుండా ముందు ఆ చిప్ డ్రైవర్ వేసి చూడండి.

అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే కొత్తది వెతకడం కాదు, పాతదానికి వెనక్కి వెళ్లాలి. డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ ఉంటుంది. పాత కాపీ లేకపోతే ఆ బటన్ మసకగా ఉంటుంది. అప్పుడు కంపెనీ సైట్‌లో పాత వెర్షన్ ఉందేమో చూడండి. ఒక హెచ్చరిక: వైఫై డ్రైవర్‌ని తీసేసే ముందు కొత్తది డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టుకోండి. నెట్ తాళం పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేయకూడదు.

అసలైన పరీక్ష: విండోస్‌ని పక్కన పెట్టండి

వస్తువుదా, డ్రైవర్‌దా అన్నది తేల్చడానికి గట్టి దారి ఒకటే. విండోస్ లేకుండా ఆ వస్తువుని నడిపి చూడటం.

కీబోర్డు పనిచేయట్లేదా? ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ విండోస్ డ్రైవర్లు ఉండవు. అక్కడ కూడా కీస్ పడకపోతే వస్తువుదే తప్పు. స్క్రీన్ మీద గీతలా? కంపెనీ లోగో దగ్గరే గీతలు ఉంటే డ్రైవర్ తప్పు కాదు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి పెట్టి చూడండి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంటే అనుమానం డిస్‌ప్లే ప్యానెల్ మీదో, దాని కేబుల్ మీదో. టీవీలోనూ గీతలుంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి.

వైఫై, సౌండ్, కెమెరా లాంటి వాటికి పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని దాని నుంచి బూట్ చేయండి. ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ అనే ఆప్షన్ ఎంచుకోవాలి. ఇది మర్చిపోతే మీ విండోస్‌కే ఎసరు! పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి మాత్రం పోతాయి కాబట్టి ఖాళీది వాడండి. అక్కడ వైఫై చక్కగా పనిచేసిందంటే కార్డు బతికే ఉంది, విండోస్ డ్రైవర్‌దే పేచీ. అక్కడా లేదంటే కార్డు మీద అనుమానం బలపడుతుంది. బలపడుతుంది అన్నాను, రుజువైపోయిందని కాదు. లైనక్స్‌కీ డ్రైవర్ కావాలి. మరీ కొత్త కార్డులకి అందులో ఉండకపోవచ్చు.

నీలం స్క్రీన్ వస్తే ఫొటో తీయండి

స్క్రీన్ కింద స్టాప్ కోడ్ అని ఓ పేరు ఉంటుంది. కొన్నిసార్లు ‘వాట్ ఫెయిల్డ్’ అని ఓ ఫైల్ పేరు కూడా ఇస్తుంది. చివర ‘సిస్’ అని ఉంటే అది డ్రైవర్ ఫైలే. పేరు వెతికితే అది గ్రాఫిక్స్‌దా, వైఫైదా, యాంటీవైరస్‌దా తెలిసిపోతుంది. ప్రతిసారీ ఒకే ఫైల్ పేరు వస్తుంటే ఆ డ్రైవర్ మీద గురి పెట్టండి. రోజుకో కొత్త పేరు వస్తుంటే ర్యామ్ మీద అనుమానపడండి. స్టార్ట్‌లో మెమరీ అని టైప్ చేస్తే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ వస్తుంది. రీస్టార్ట్ అయి అదే పరీక్ష చేస్తుంది. ‘వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ అని వస్తే ప్రాసెసర్ వైపు నుంచే హార్డ్‌వేర్ ఫిర్యాదు వచ్చిందని అర్థం. దుమ్ము, వేడి, కరెంటు సప్లయ్... వీటిని ముందు చూడాలి.

ఇది మాత్రం అశ్రద్ధ చేయొద్దు

‘టచ్‌ప్యాడ్ క్లిక్ పడట్లేదు, డ్రైవర్ మార్చినా అంతే’ అని ఎవరైనా రాస్తే నేను మొదట అడిగేది ఒకటే. ల్యాప్‌టాప్‌ని టేబుల్ మీద పెడితే ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? అంచుల్లో సందు వచ్చిందా? వస్తే అది డ్రైవర్ కాదు, కింద బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి నెడుతోంది. ఛార్జర్ వెంటనే తీసేయండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, మంచం మీద పెట్టుకుని వాడొద్దు. లిథియం బ్యాటరీకి మంట అంటుకుంటే ఆర్పడం మన వల్ల కాదు. ఆపేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఫోన్ వెనక మూత లేచినా ఇదే మాట.

ఫోన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి... ఫోన్‌లోనూ డ్రైవర్లుంటాయి, కానీ విడిగా మనం మార్చలేం. సిస్టమ్ అప్‌డేట్‌తోనే వస్తాయి. ఫోన్‌లో మీరు చేయగలిగింది సేఫ్ మోడ్ పరీక్ష. అందులో మీరు వేసుకున్న యాప్‌లు నడవవు. సేఫ్ మోడ్‌లో కెమెరా, మైక్ బాగుంటే తప్పు ఏదో యాప్‌ది. ఛార్జింగ్ ఎక్కకపోతే పోర్ట్‌లోకి టార్చ్ వేసి చూడండి. జేబులోని నూగు గట్టిపడి కూర్చుంటుంది. ఫోన్ ఆపి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు మాత్రం వద్దు.

షాపుకి వెళ్తే ఇలా అడగండి

ఇవన్నీ చేశాక షాపుకి వెళ్తే మీ మాట తీరే మారుతుంది. ‘వైఫై రావట్లేదన్నా’ అనకండి. ‘అన్నా, కోడ్ 10 వస్తోంది, కంపెనీ డ్రైవర్ వేశాను, లైనక్స్‌లో కూడా రాలేదు. కార్డు తీసి వేరేది పెట్టి చూస్తారా?’ అనండి. మదర్‌బోర్డు అంటే ఏ పరీక్షలో తేలిందో అడగండి. ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత పార్టు వెనక్కి అడగండి. ‘ఫార్మాట్ కొట్టాలి’ అంటే ఎందుకో అడగండి. వారంటీ ఉంటే బయట విప్పించే ముందు కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్‌తో చూసుకోండి. ఇవి అడిగితే మంచి మెకానిక్ చిన్నబుచ్చుకోడు. పైగా అతని పని తేలికవుతుంది.

ఇంతకీ ఆ అమ్మాయి సంగతి?

ఆ రాత్రే టెథరింగ్ పెట్టి ప్రాజెక్ట్ మొత్తం డ్రైవ్‌లోకి ఎక్కించింది. ‘సర్, సగం భయం పోయింది’ అని రాసింది. డివైస్ మేనేజర్‌లో కోడ్ 10. పవర్ బటన్ చిట్కాతో సోమవారం వైఫై వచ్చేసింది. ‘డ్రైవరే సర్, అయిపోయింది!’ అని పండగ చేసుకుంది. నేనూ అలాగే అనుకున్నా. మంగళవారం మధ్యాహ్నం మళ్లీ మాయం. కంపెనీ డ్రైవర్ వేసినా రాలేదు. ఉబుంటులోనూ లేదు. ఈసారి డివైస్ మేనేజర్ లిస్టులో పేరే లేదు. అంటే నా మొదటి అంచనా కూడా తప్పే.

బుధవారం వేరే షాపుకి వెళ్లి పైన రాసిన మాటలే చెప్పింది. ఆయన వెనక మూత తీసి, వైఫై కార్డు బయటికి లాగి, ఇంకో ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాడు. అక్కడా పలకలేదు. వేరే కార్డు ఈ ల్యాప్‌టాప్‌కి పెడితే రెండు నిమిషాల్లో నెట్. మదర్‌బోర్డు దివ్యంగా ఉంది. పోయింది బొటనవేలంత కార్డు. కూలీతో కలిపి 1,200 రూపాయలు. కొన్ని మోడళ్లలో ఈ కార్డు బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు. అలాంటప్పుడు కూడా కొన్ని వందల్లో దొరికే యూఎస్‌బీ వైఫై డాంగుల్‌తో పని జరిగిపోతుంది.

చూశారా, చివరికి తేలింది హార్డ్‌వేర్ లోపమే. మొదటి షాపాయన పూర్తిగా తప్పు చెప్పలేదు. ‘లోపల ఏదో పోయింది’ అన్నంతవరకు నిజమే. కానీ ‘ఏదో పోయింది’కీ ‘ఇది పోయింది’కీ మధ్య తేడా 7,300 రూపాయలు, నాలుగు నెలల ప్రాజెక్టు. ఆ తేడా తేల్చింది ఏ పెద్ద విద్యా కాదు. ఒక్కో అనుమానాన్ని వరసగా కొట్టేసుకుంటూ వెళ్లడమే.

గురువారం సాయంత్రం ఇంకో మెయిల్ వచ్చింది. ‘రివ్యూ అయిపోయింది సర్. నాన్నకి చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదే అని తిట్టారు. తర్వాత, ఆ పాత కార్డు ఓసారి చూపించమన్నారు.’

ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. మెషీన్ బాగున్నప్పుడే ముఖ్యమైన ఫైల్స్ ఇంకో చోట దాచండి, ఆ 48 అంకెల కీ రాసి పెట్టుకోండి. పది నిమిషాల పని. వచ్చే వారం ‘స్టోరేజ్ ఫుల్’ అని ఫోన్ రోజూ గోల పెడుతుంటే ఏది తీయాలో, ఏది తీయకూడదో చూద్దాం. ఈలోగా మీ గడబిడలు రాస్తూ ఉండండి. కోడ్ నంబర్‌తో సహా!